నేవీ డిశ్చార్జ్ దగ్గరపడుతోందా? ఎక్స్‌టెన్షన్, బ్యాంకు, డాక్‌యార్డ్, మర్చంట్ షిప్: ఎవరికి ఏది నప్పుతుంది

నేవీలో పదిహేనేళ్లు నిండుతున్నాయంటే విశాఖలో మల్కాపురం, శ్రీహరిపురం, గోపాలపట్నం వైపు ఇళ్లలో ఒకటే చర్చ. ఉండిపోదామా, వచ్చేద్దామా? వచ్చేస్తే ఏం చేద్దాం? షిప్‌లో తోటివాళ్లు ఒకటి చెప్తారు, శ్రీకాకుళంలో ఉన్న నాన్నగారు ఇంకొకటి చెప్తారు, అప్పటికే బయటికొచ్చి బ్యాంకులో చేరిన బావగారు వేరేది చెప్తారు. ఎవరికి కలిసొచ్చిన దారి వాళ్లకు గొప్ప. అందులో తప్పేం లేదు గానీ వాళ్ల పిల్లల వయసూ మీ పిల్లల వయసూ ఒకటి కాదు, వాళ్ల బ్రాంచీ మీ బ్రాంచీ ఒకటి కాదు.

నేను సెయిలర్ భార్యని. మా ఆయన డిశ్చార్జ్ తీసుకుని ఇప్పుడు బ్యాంకులో చేస్తున్నారు. మిగతా దారులు పట్టినవాళ్లు మా చుట్టుపక్కలే ఉన్నారు కాబట్టి వాళ్ల ఇళ్లలో ఏం జరుగుతోందో రోజూ కనిపిస్తూనే ఉంటుంది. ఇది సెయిలర్ల, అంటే ఆఫీసర్లు కాని నావికుల, కుటుంబాల కోసం రాస్తున్నాను. ఆఫీసర్లకు పెన్షన్ రావాలంటే 20 ఏళ్ల సర్వీస్ కావాలి, వాళ్ల లెక్కలు వేరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జీతాలు పక్కపక్కన పెట్టుకుని ఎంచుకుంటే పొరపాటు పడతారు. రాబోయే ఐదారేళ్లలో ఆయన ఇంట్లో ఎప్పుడు ఉండి తీరాలో ముందు తేల్చుకోండి, జీతం సంగతి ఆ తర్వాత. నెల నెలా పెన్షన్ వచ్చే ఇంటికి ఆ వెసులుబాటు ఉంటుంది, దాన్ని వాడుకోకపోతే మన తప్పే.

సగం జీతం వచ్చినా చాలు, ఎలాగంటే

పెట్టీ ఆఫీసర్ (పేరులో ఆఫీసర్ ఉన్నా ఇది సెయిలర్ల ర్యాంకే) ఒకరి మూల వేతనం 37,000 అనుకుందాం. దానికి మిలిటరీ సర్వీస్ పే 5,200 కలిపితే 42,200. అందులో సగం, అంటే 21,100 పెన్షన్. ఎక్స్ గ్రూపు పే (టెక్నికల్ ట్రేడ్లకు ఇచ్చే అదనపు పే) తీసుకునేవాళ్లకు అదీ లెక్కలోకి వస్తుంది. దీనిమీద డీఆర్ (పెన్షనర్లకు ఇచ్చే కరువు భత్యం) వేరే. సర్వీస్‌లో ఉన్నవాళ్లకు డీఏ ఎంత శాతమో పెన్షన్ మీద డీఆర్ కూడా అంతే శాతం.

అంటే బయట దొరికే ఉద్యోగం ఇప్పటి జీతంలో సగం ఇచ్చినా ఇంటికి చేరే మొత్తం దాదాపు సమానం. క్వార్టర్స్ ఖాళీ చేయాలి కాబట్టి ఇంటద్దె మాత్రం అటువైపు కలుపుకోవాలి. ఈ లెక్క తెలియక చాలామంది "ఇప్పుడు వచ్చే జీతం బయట ఎవడిస్తాడు" అని భయపడిపోయి, అవసరం లేని చోట అవసరం లేని ఉద్యోగానికి ఒప్పుకుంటారు.

దీనికి ఆనుకునే కమ్యూటేషన్ సంగతి. పెన్షన్‌లో సగం దాకా అమ్ముకుని ఒకేసారి డబ్బు తీసుకోవచ్చు. ముప్ఫై అయిదు, నలభై మధ్య వయసుకు పట్టికలో ఉండే అంకె తొమ్మిది చిల్లర, అంటే అమ్ముకున్న ఏడాది పెన్షన్‌కు అన్ని రెట్లు ఇస్తారు. నెలకు 10,000 అమ్ముకుంటే చేతికి సుమారు 10.9 లక్షలు వస్తాయి, పన్ను ఉండదు. తర్వాత 15 ఏళ్ల పాటు నెలకు 10,000 కోత పడుతుంది, మొత్తం 18 లక్షలు. ఏడు శాతం పైచిలుకు వడ్డీకి అప్పు తెచ్చుకున్నట్టే. అయితే ఈ అప్పులో రెండు సుగుణాలున్నాయి. డీఆర్‌ని కోత పడకముందున్న పూర్తి పెన్షన్ మీదే లెక్కగడతారు. ఆ 15 ఏళ్లలో మనిషికి ఏమైనా అయితే మిగిలిన కోత కుటుంబం కట్టక్కర్లేదు, ఫ్యామిలీ పెన్షన్ తగ్గదు.

హోం లోన్ ఉన్నవాళ్లు కమ్యూట్ చేసి అది తీర్చేసుకోవడం తెలివైన పనే. పెందుర్తి అవతల ఎవరో చూపించిన లేఅవుట్‌లో స్థలం కొనడానికి కమ్యూట్ చేయడం మాత్రం నేను ఒప్పుకోను. డిశ్చార్జ్ డబ్బు వస్తోందన్న కబురు మనకన్నా ముందు రియల్ ఎస్టేట్ బ్రోకర్లకు తెలుస్తుంది. ఎలా తెలుస్తుందో ఆ సింహాద్రి అప్పన్నకే ఎరుక!

ఎక్స్‌టెన్షన్: ఎవరు తీసుకోవాలి

ఎక్స్‌టెన్షన్ (ఒప్పుకున్న కాలం అయ్యాక ఇంకో రెండేళ్లు సర్వీస్‌లోనే ఉండిపోవడం) తీసుకుంటే పెన్షన్ బాగా పెరుగుతుందని ఒక నమ్మకం. ఎంత పెరుగుతుందో చూద్దాం. రెండేళ్లకు రెండు ఇంక్రిమెంట్లు. పైన చెప్పిన 37,000 కాస్తా 39,200 అవుతుంది. పెన్షన్‌లో తేడా 1,100, దానిమీద డీఆర్. అంతే. పెన్షన్ కోసమే ఉండిపోతున్నామంటే ఆ మాటకు బలం లేదు.

రెండు సందర్భాల్లో మాత్రం ఈ లెక్క మారుతుంది. ఒకటి, చీఫ్ పెట్టీ ఆఫీసర్ ప్రమోషన్ చేరువలో ఉన్నప్పుడు. ఐదో పే లెవెల్ నుంచి ఆరో లెవెల్‌కి వెళ్తే మూల వేతనం, పెన్షన్ రెండూ పైకి జరుగుతాయి. రెండోది ఎంఏసీపీ, అంటే ప్రమోషన్ రాకపోయినా ఇన్నేళ్ల సర్వీస్‌కు పే లెవెల్ పెంచే పథకం. సైన్యంలో ఇది 8, 16, 24 ఏళ్లకు వస్తుంది. ప్రమోషన్లు వెనకబడి ఇప్పటికి ఒక్క మెట్టే ఎక్కినవాళ్లు సరిగ్గా 15 ఏళ్లకు వచ్చేస్తే, ఇంకో ఏడాదిలో రావాల్సిన లెవెల్‌ని చేతులారా వదులుకున్నట్టు. అప్పటికే రెండు ప్రమోషన్లు వచ్చినవాళ్లకు ఇది వర్తించదు.

నా దృష్టిలో ఎక్స్‌టెన్షన్ అసలు లాభం డబ్బు కాదు, టైం. బయటికి వచ్చాక ఏం చేయాలో తేలనివాళ్లు, డిగ్రీ చేతిలో లేనివాళ్లు, పరీక్షలకు పుస్తకం తెరవనివాళ్లు ఆ రెండేళ్లు జీతం తీసుకుంటూ తయారవచ్చు. తయారయ్యే ఉద్దేశం లేకుండా "చూద్దాంలే" అని తీసుకుంటే మాత్రం రెండేళ్ల తర్వాత ఇదే చర్చ మళ్లీ, రెండేళ్లు పెరిగిన వయసుతో.

ఇంట్లో చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఎక్స్‌టెన్షన్‌లో విశాఖలోనే ఉంచుతారన్న హామీ ఏమీ లేదు. ముంబయి, కొచ్చి, కార్వార్, పోర్ట్ బ్లెయిర్ ఎక్కడికైనా ఆర్డర్ రావచ్చు, ఒడ్డు మీద ఉన్నవాళ్లకు షిప్ రావచ్చు. పిల్ల తొమ్మిదో తరగతిలో ఉండగా రెండేళ్లు తీసుకుంటే, సరిగ్గా టెన్త్ పరీక్షలప్పుడు నాన్న సెయిలింగ్‌లో ఉంటాడేమో ముందే ఆలోచించుకోవాలి.

ఇక ఎంగేజ్‌మెంట్ (ఒప్పుకున్న సర్వీస్ కాలం) పూర్తికాకముందే సొంతంగా అడిగి బయటికొచ్చేవాళ్లకు ఒక హెచ్చరిక. 2015 నాటి ఆర్డర్ ప్రకారం, అలా కోరి ముందుగా వెళ్లిపోయినవాళ్లకు వన్ ర్యాంక్ వన్ పెన్షన్ (ఒకే ర్యాంకు, ఒకే సర్వీస్‌కు ఒకే పెన్షన్) సవరణలు వర్తించవు. 2019 జులైలో, 2024 జులైలో సవరించినట్టు ఐదేళ్లకోసారి పెన్షన్ పెరుగుతూ పోతుంటే మీది అక్కడే ఆగిపోతుంది. కొన్ని నెలల తొందర కోసం ఇది పోగొట్టుకోకండి. ఒప్పందం ప్రకారం పూర్తి చేసి వచ్చేవాళ్లకు ఈ బెడద లేదు.

బ్యాంకు: పిల్లలున్న ఇంటికి నా ఓటు

మా ఇంట్లో బ్యాంకు ఉద్యోగం ఉందని చెప్పడం లేదు, లెక్క అలా ఉంది. ప్రభుత్వ రంగ బ్యాంకుల క్లర్కు పోస్టుల్లో 14.5 శాతం ఎక్స్-సర్వీస్‌మెన్ కోటా (యుద్ధంలో గాయపడినవాళ్లకు, అమరుల కుటుంబాలకు ఇచ్చే 4.5 శాతం ఇందులోనిదే). వయసు సడలింపు కూడా గట్టిదే. మామూలు పరిమితి 28, దానికి చేసిన సర్వీస్ కలిపి, పైన మరో మూడేళ్లు, మొత్తం 50 దాటకుండా. పదిహేనేళ్ల సర్వీస్ ఉన్న మనిషి 46 దాకా రాయొచ్చు. కోటాలో కటాఫ్ జనరల్ కన్నా మామూలుగా తక్కువే ఉంటుంది.

డిగ్రీ లేదని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పది పాసై, 15 ఏళ్ల సర్వీస్ పూర్తిచేసినవాళ్లకు నేవీ ఇచ్చే గ్రాడ్యుయేషన్ సమాన సర్టిఫికెట్ క్లర్కు పోస్టుకు చెల్లుతుంది. కానీ అది గ్రూప్ సి స్థాయికే. బ్యాంకులో ఆఫీసర్ పరీక్ష రాయాలంటే నిజమైన డిగ్రీ అడుగుతారు. ఇంకా మూడు నాలుగేళ్లు సర్వీస్ మిగిలి ఉంటే ఇగ్నోలోనో ఆంధ్రా యూనివర్సిటీ దూరవిద్యలోనో ఇవాళే చేరిపోండి.

పరీక్ష ఎలా ఉంటుందంటే, ప్రిలిమ్స్‌లో 100 ప్రశ్నలు, 60 నిమిషాలు. ఇంగ్లీష్ 30, లెక్కలు 35, రీజనింగ్ 35. ఒక్కో భాగానికి 20 నిమిషాలే, ఒకదాంట్లో మిగిలిన టైం ఇంకోదానికి రాదు. తప్పుకు పావు మార్కు కోత. ఇంగ్లీష్ భాగం తప్ప మిగతాది తెలుగులో కూడా రాయొచ్చు. మన సెయిలర్లకు లెక్కలు రాక కాదు, స్పీడు ఉండక ఇబ్బంది. ఎలక్ట్రికల్ బ్రాంచిలో సర్క్యూట్లు విప్పి సరిచేసే మనిషికి శాతాలు, నిష్పత్తులు రావా? వస్తాయి. 35 లెక్కలకు 20 నిమిషాలంటే ఒక్కోదానికి అర నిమిషం పైన కొద్దిగా. అది రోజూ గడియారం పెట్టుకుని చేస్తే తప్ప రాదు. మా ఆయన వంటగది గట్టు మీద ఫోన్‌లో టైమర్ పెట్టుకుని చేసేవారు. అది మోగినప్పుడల్లా కుక్కర్ దింపాలేమో అనుకుని పరిగెత్తుకొచ్చేదాన్ని.

క్లర్కు నియామకం రాష్ట్రాలవారీగా జరుగుతుంది, స్థానిక భాష రావాలి. పదో తరగతిలోనో ఇంటర్‌లోనో తెలుగు చదివినట్టు మార్కుల జాబితాలో ఉంటే భాష పరీక్ష కూడా ఉండదు. ఆంధ్రప్రదేశ్ సీటుకు ఇది మనకు కలిసొచ్చే విషయం. స్టేట్ బ్యాంకులోనూ అంతే, చేరిన సర్కిల్‌లోనే సర్వీసంతా.

జీతం సంగతి. 2024 మార్చిలో కుదిరిన ఒప్పందం ప్రకారం క్లర్కు మొదటి మూల వేతనం 24,050. మాజీ సైనికులకు నేవీలో చివర తీసుకున్న పే, డీఏలకు తగ్గకుండా పే ఫిక్సేషన్ అడిగే అవకాశం బ్యాంకుల్లో ఉంది. అయితే పే ఏ పద్ధతిలో ఫిక్స్ చేశారన్న దాన్నిబట్టి పెన్షన్ మీద డీఆర్ కొనసాగడమా ఆగడమా అన్నది తేలుతుంది. స్కేలు మొదటి మెట్టు దగ్గర ఫిక్స్ అయితే డీఆర్ వస్తుంది. పైన ఫిక్స్ అయితే చిక్కు వస్తుంది. రెండు పద్ధతుల్లో నెలకు చేతికెంత వస్తుందో కాగితం మీద వేసుకుని, బ్యాంకు హెచ్ఆర్‌ని రాతపూర్వకంగా అడిగి, అప్పుడు ఆప్షన్ ఇవ్వండి. ఏళ్ల తర్వాత రికవరీ నోటీసు వస్తే ఇంట్లో ఎంత టెన్షనో పడినవాళ్లకు తెలుసు.

లోటు లేదా అంటే ఉంది. మొదటి పోస్టింగ్ విశాఖలోనే వస్తుందని అనుకోకండి. రాష్ట్రంలో ఎక్కడైనా పడొచ్చు. మా ఆయనకు మొదట ఏజెన్సీ వైపు పడింది. సోమవారం తెల్లవారుజామున బస్సు, శనివారం రాత్రికి ఇంటికి. అయినా వారానికోసారి మనిషి కనబడటం, షిప్ ఎప్పుడొస్తుందో తెలియకుండా కూర్చోవడం రెండూ ఒకటి కావు. ఇంకొకటి, ఇరవై ఆరేళ్ల మేనేజర్ "ఈ వోచర్లు సర్దండి" అంటే సర్దాలి. నేవీలో పది మందిని నడిపిన మనిషికి ఇది మొదట్లో గొంతు దిగదు. మగవాళ్లు పైకి చెప్పరు గానీ మొదటి ఏడాది ఉద్యోగం మానేస్తానన్నవాళ్లలో ఎక్కువమందికి అసలు కారణం ఇదేనని నాకు అనిపిస్తుంది.

డాక్‌యార్డ్, రైల్వే, ప్రభుత్వ సంస్థలు

ఊరు కదలకూడదు, చేతిపని వదలకూడదు అనుకునేవాళ్లకు నేవల్ డాక్‌యార్డ్ బంగారం లాంటిది. నేవీ సివిలియన్ పోస్టులకు ఇన్‌సెట్ పరీక్ష పెడతారు. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి పోస్టుల్లో మాజీ సైనికులకు 10 శాతం కోటా. నిన్నటిదాకా యూనిఫాంలో వెళ్లిన గేటులోంచే సివిల్ దుస్తుల్లో వెళ్లడం, అవే యంత్రాలు. కాకపోతే నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో, అందులో మీ ట్రేడ్‌కు విశాఖలో ఖాళీలుంటాయో లేదో చెప్పలేం. దీని ఒక్కదాని మీదే ఆశ పెట్టుకుని ఇంట్లో కూర్చోకూడదు.

రైల్వేలో రెండో లెవెల్, ఆపైన గ్రూప్ సి పోస్టుల్లో 10 శాతం, మొదటి లెవెల్‌లో 20 శాతం కోటా ఉంది. షిఫ్టులుంటాయి. వాచ్‌కీపింగ్ చేసిన మనిషికి నైట్ డ్యూటీ కొత్త కాదు గానీ, నలభై దాటాక ఒళ్లు ఒప్పుకోవాలి. హిందుస్థాన్ షిప్‌యార్డ్, హెచ్‌పీసీఎల్ నోటిఫికేషన్లు వస్తే తప్పకుండా వేయండి. షిప్‌యార్డ్ 2010 నుంచి రక్షణ శాఖ కిందే ఉంది. అక్కడ కాంట్రాక్టు పోస్టులూ వస్తుంటాయి కాబట్టి పర్మనెంటా, ఫిక్స్‌డ్ టర్మా అన్నది చూసుకుని మరీ వేయాలి. స్టీల్‌ప్లాంట్ మీద మన తండ్రుల తరానికి ఉన్న నమ్మకం వేరు. 2021 జనవరిలో కేంద్రం వాటాల అమ్మకానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్న తర్వాత దాన్ని చూసుకుని ప్లాన్ వేసుకోవడం నాకు సబబుగా అనిపించదు.

ఇక్కడ ఒక చిన్న కాగితం చాలా పెద్ద పని చేస్తుంది. కోటాలో ఒక ప్రభుత్వ ఉద్యోగంలో చేరిపోయాక, రెండో ఉద్యోగానికి ఆ కోటా మామూలుగా పనిచేయదు. కానీ చేరకముందే వేరే పోస్టులకు దరఖాస్తు చేసి ఉండి, ఆ వివరాలు తేదీలవారీగా రాసి, చేరగానే సంస్థకు సెల్ఫ్ డిక్లరేషన్ ఇస్తే, ఆ పోస్టులకు కోటా నిలుస్తుంది. 2014 ఆగస్టు నుంచి ఉన్న నిబంధన ఇది. బ్యాంకులో చేరిన ఏడాదికి డాక్‌యార్డ్ ఫలితం వస్తే అటు వెళ్లాలా వద్దా అన్న ఎంపిక మీ చేతిలో ఉండాలంటే ఇదొక్కటే దారి. పిల్లల పాత నోట్‌బుక్ ఒకటి తీసుకోండి. దరఖాస్తు తేదీ, నోటిఫికేషన్ నంబరు, పోస్టు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు వరుసగా రాసుకోండి. చేరిన మొదటి రోజే దాని కాపీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర లేక కోటా పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

డిశ్చార్జ్‌కు ఏడాది లోపు ఉన్నప్పటి నుంచే ఈ పోస్టులకు వేయొచ్చు కాబట్టి, బయటికొచ్చాక మొదలుపెడదామని ఆగక్కర్లేదు.

మర్చంట్ షిప్: డబ్బు నిజమే, మిగతాది కూడా నిజమే

ఇంజిన్ రూం వాళ్లకు, ఎలక్ట్రికల్ వాళ్లకు, వంటవాళ్లకు ఈ ఆశ సహజం. డబ్బు ఎక్కువే. విదేశీ షిప్‌లో చేస్తూ ఆర్థిక సంవత్సరంలో ఇండియాలో ఉన్న రోజులు 182 కన్నా తక్కువైతే ఎన్‌ఆర్‌ఐ లెక్కలోకి వచ్చి ఆ జీతం మీద ఇక్కడ పన్ను కూడా తప్పుతుంది.

కానీ నేవీ సర్వీస్ చూపించి ఎక్కేయొచ్చనుకుంటే కుదరదు. ఇండోస్ నంబరు (మర్చంట్ నావికుల గుర్తింపు నంబరు), సీడీసీ (నావికుల గుర్తింపు, సర్వీస్ పుస్తకం), ఎస్‌టీసీడబ్ల్యూ బేసిక్ కోర్సులు (అంతర్జాతీయ ప్రమాణాల భద్రతా శిక్షణ) కావాలి. వంటవాళ్లకు షిప్స్ కుక్ సర్టిఫికెట్ వేరే. రేటింగ్‌గా (ఆఫీసర్ కాని సిబ్బందిగా) వెళ్తున్నారా, పరీక్షలు రాసి ఆఫీసర్‌గా వెళ్తున్నారా అన్నదాన్నిబట్టి జీతంలో ఎన్నో రెట్ల తేడా ఉంటుంది. ఎవరైనా "షిప్‌లో లక్షలు" అంటే ముందు ఆ ప్రశ్న అడగండి.

ఒక ఒప్పందం ఆరు నుంచి తొమ్మిది నెలలు. దిగాక మళ్లీ ఎక్కేదాకా చాలామందికి జీతం ఉండదు. అందుకని నెల జీతం కాదు, ఏడాది మొత్తం లెక్క చూసి, పన్నెండుతో భాగించి, అప్పుడు బ్యాంకు జీతంతో పోల్చండి. రేటింగ్ విషయంలో ఆ తేడా అనుకున్నంత ఉండదు. ఇది కాక 2023 నవంబర్ నుంచి ఎర్ర సముద్రంలో వాణిజ్య నౌకల మీద జరిగిన దాడులు చూశాం. పదిహేనేళ్లు యుద్ధ నౌక మీద పనిచేసి వచ్చి, ఆయుధం లేని ట్యాంకర్ మీద అటు వెళ్తానంటే ఇంట్లో ఆడవాళ్లు ఒప్పుకోవడం కష్టం.

ఏజెంట్ల విషయం గట్టిగా చెప్పాలి. ఆర్‌పీఎస్ఎల్ (నావికులను ఉద్యోగాల్లో పెట్టడానికి ప్రభుత్వం ఇచ్చే) లైసెన్సు ఉన్న సంస్థ ద్వారానే వెళ్లాలి, ఉద్యోగం ఇప్పిస్తామని వాళ్లు సెయిలర్ దగ్గర డబ్బు తీసుకోకూడదు. 2015లో భారతదేశం ఒప్పుకున్న అంతర్జాతీయ మారిటైం లేబర్ ఒడంబడికలో ఉన్న నియమమే ఇది. మా కాలనీలో ఒకాయన గ్రాట్యుటీ డబ్బులోంచి ఒక ఏజెంటుకు "ప్రాసెసింగ్" అంటూ కట్టి, నెలల తరబడి ఫోన్లు చేసి చేసి, చివరికి వదిలేసుకున్నాడు. సర్వీస్‌లో ఎంత కట్టుదిట్టంగా ఉండే మనుషులైనా బయట ఈ మాటలకు తొందరగా పడిపోతారు. లోపల ఎవరూ అబద్ధం చెప్పి డబ్బు అడగరు కదా, ఆ అలవాటు.

పెళ్లి కానివాళ్లకు, పిల్లలు ఇంకా చిన్నవాళ్లై రెండు మూడు ఒప్పందాలతో అప్పు తీర్చేసి ఒడ్డున పడదామనుకునే టెక్నికల్ బ్రాంచి వాళ్లకు ఇది మంచి దారే. పిల్లలు టెన్త్, ఇంటర్‌లో ఉన్న ఇంటికి మాత్రం నేను వద్దంటాను. పదిహేనేళ్లు సముద్రానికి ఇచ్చాం, పిల్లలు ఇంట్లో ఉండే చివరి నాలుగేళ్లు కూడా దానికే ఇస్తామా?

ఫ్యాక్టరీలు, సెక్యూరిటీ

సెక్యూరిటీ సూపర్‌వైజర్ పని అన్నిటికన్నా తొందరగా దొరుకుతుంది, అన్నిటికన్నా తక్కువ ఇస్తుంది. పన్నెండు గంటల డ్యూటీలు. పరీక్షలకు చదువుకుంటూ మధ్యలో కొన్నాళ్లు చేస్తే సరే గానీ అందులోనే ఉండిపోకండి.

ఫ్యాక్టరీ సేఫ్టీ సంగతి వేరు, దీన్ని మనవాళ్లు తక్కువగా చూస్తారు. షిప్‌లో మంటలార్పడం, డ్యామేజ్ కంట్రోల్ ప్రతి సెయిలర్‌కూ నేర్పిన పని. పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్ మన పక్కనే ఉన్నాయి. గుర్తింపు ఉన్న ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా చేస్తే తలుపులు తెరుచుకుంటాయి. చివరి ఏడాదిలో డీజీఆర్ (రక్షణ శాఖ పునరావాస విభాగం) కోర్సులకు వెళ్లే వీలుంది, ఇలాంటిదే ఎంచుకోండి. ఊరికే కంప్యూటర్ కోర్సని వెళ్లి టైంపాస్ చేసి రాకండి. అయితే 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్‌లో, 2024 ఆగస్టులో అచ్యుతాపురంలో ఏం జరిగిందో ఊరంతా చూసింది. సేఫ్టీ మనిషి మాటకు విలువిచ్చే కంపెనీయేనా, లేక రిజిస్టర్లో సంతకానికి పిలుస్తోందా అని అక్కడ పనిచేసేవాళ్లను విచారించాకే చేరాలి.

సొంత వ్యాపారం గురించి ఒక్క ముక్క. గ్రాట్యుటీ, కమ్యూటేషన్ డబ్బు రెండూ పెట్టి మొదలుపెట్టకండి. రెండిట్లో ఒకటి బ్యాంకులో ఉండాలి.

మరి మీ ఇంటికి ఏది?

పిల్లలు ఎనిమిది నుంచి ఇంటర్ మధ్య ఉన్నారు, ఆయనకు చదివే ఓపిక ఉంది: బ్యాంకు, డాక్‌యార్డ్, రైల్వే మూడూ కలిపి రాయండి, ముందు వచ్చినదాంట్లో చేరండి, నోట్‌బుక్ మరిచిపోకండి. డిగ్రీ, చదువు ఏదీ మొదలుకాలేదు, లేదా ఎంఏసీపీ గుమ్మంలో ఉంది: రెండేళ్ల ఎక్స్‌టెన్షన్, కానీ చదువు మొదటి నెల నుంచే. టెక్నికల్ బ్రాంచి, చిన్న పిల్లలు, పెద్ద అప్పు: కాగితాలన్నీ సరిగా ఉంటే మర్చంట్ షిప్. అమ్మానాన్నలకు ఆరోగ్యం బాగాలేదు, ఊళ్లో ఎవరూ లేరు: జీతం ఎంత తక్కువైనా దగ్గరలో దొరికే పని. పెన్షన్ ఉన్నది ఇలాంటి అవసరానికే.

ఈ చివరి రకం వాళ్లు ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కూడా చూసుకోవాలి. పెట్టీ ఆఫీసర్, ఆ కింది ర్యాంకుల వాళ్లు ఒకేసారి 30,000 కడితే చాలు, చీఫ్ నుంచి మాస్టర్ చీఫ్ వరకు 67,000. తల్లిదండ్రుల ఆదాయం నెలకు 9,000, దానిమీద డీఏ లోపు ఉంటే వాళ్లకూ వర్తిస్తుంది. ఊరెళ్లి స్థిరపడే ముందు పాలీక్లినిక్ ఎంత దూరమో, ప్యానెల్‌లో ఉన్న ఆసుపత్రులు ఏ ఊళ్లో ఉన్నాయో కనుక్కోండి. గుండె జబ్బున్న మామగారిని ప్రతిసారీ విశాఖ తేవాల్సి వస్తే, ఊళ్లో సొంతిల్లున్నా విశాఖలో అద్దెకుండటమే నయం.

అగ్నివీరుల ఇళ్లకు ఈ లెక్కలేవీ పనికిరావు. 2022లో చేరిన మొదటి బ్యాచ్‌కు 2026 చివరితో నాలుగేళ్లు పూర్తి. నూటికి ఇరవై అయిదు మంది దాకానే లోపల ఉంచుకుంటారు. బయటికొచ్చేవాళ్లకు సుమారు 11.71 లక్షల సేవానిధి వస్తుంది, పెన్షన్ లేదు, ఈసీహెచ్ఎస్ లేదు, ఎక్స్-సర్వీస్‌మెన్ హోదా లేదు. కేంద్ర బలగాల్లో, కోస్ట్ గార్డ్‌లో, రక్షణ శాఖ సివిలియన్ పోస్టుల్లో వాళ్లకు వేరే 10 శాతం కోటా 2022లో ప్రకటించారు. సగం జీతం చాలన్న నా మాట వాళ్లకు వర్తించదు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్లాడికి ముందు డిగ్రీ, తర్వాత ఉద్యోగం. ఆ సేవానిధితో బైకు, కారు కొననివ్వకుండా చూసుకోవడం అమ్మానాన్నల పని.

ఏ దారి పట్టినా డిశ్చార్జ్‌కు ఏడాది ముందే చేయాల్సిన పని ఒకటుంది, అది భార్యే చూసుకోవాలి. సర్వీస్ రికార్డులో మీ పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో ఆయన్ని తెచ్చి చూపించమనండి. మన దగ్గర పెళ్లయ్యాక ఇంటిపేరు మారుతుంది. ఆధార్‌లో పుట్టింటి పేరు, పాన్‌లో అత్తింటి పేరు, రికార్డులో పొడి అక్షరం ఒకటే ఉండటం మామూలే. పేరు చివర "అమ్మ" ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. ఆయన సర్వీస్‌లో ఉండగా ముంబయిలోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌కు (సెయిలర్ల రికార్డులు చూసే కార్యాలయం) యూనిట్ ద్వారా రాయించి సరిచేయించడం తేలిక. పీపీఓ (పెన్షన్ ఆర్డర్) వచ్చాక స్పర్శ్‌లో (రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ పోర్టల్) సరిచేయించాలంటే తిరగాలి. ఆయన లేనప్పుడు ఫ్యామిలీ పెన్షన్ కోసం ఆ తిరుగుడు ఒంటరిగా తిరగాల్సింది మీరే. పిల్లల పేర్లు కూడా అందులోనే ఉంటాయి, అవీ చూడండి. జాయింట్ అకౌంట్ కూడా పెన్షన్ కాగితాలు పంపేముందే తెరిచి ఉంచండి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు డిశ్చార్జ్ బుక్ చేతికొచ్చిన వారంలోనే అయిపోవాలి.